కప్పు కింద మావయ్య

"ఎక్కడైనా వెలుతురు కనిపిస్తోందా మావయ్యగారూ?" పెంకుల మీద పాకుతూ అల్లుడు అరిచాడు.

తలుపులూ కిటికీలూ మూసుకున్న గదిలోంచి మామగారి జవాబు వచ్చింది. "చిమ్మచీకటి అల్లుడుగారూ! సూదిమొనంత సందు కూడా లేదు. నా చేతుల్తో వేసిన కప్పు మరి!"

అల్లుడికి ఒళ్లు మండింది. కప్పు మొత్తం మార్చాలని తను, నాలుగు పెంకులు సర్దితే చాలని ఆయన. నిన్నటి వానకి పసిపాప పక్క తడిసి ముద్దయినా ఆ మొండిమనిషి మెట్టు దిగలేదు. చీకటి గదిలో కూర్చుని, వెలుతురు దూరిన చోటల్లా చెబుతానని మాత్రం ఒప్పుకున్నాడు. మళ్లీ మబ్బు కమ్ముకొస్తోంది.

"ఇంకోసారి సరిగ్గా చూడండి!"

"చూస్తూనే ఉన్నాను. మీరే ఊరికే కంగారు పడుతున్నారు."

గాలి లేచింది. చినుకు పడేలోపు ఆ చివర కూడా చూసేద్దామని అల్లుడు గబుక్కున కాలు ముందుకు చాపాడు.

"ఒరే ఒరే, ఆ ఎడమ కాలు అక్కడ పెట్టకురా! కింద వాసం పుచ్చిపోయింది!"

కాలు గాల్లోనే ఆగిపోయింది. దాన్ని వెనక్కి తీసుకుని అల్లుడు మెల్లగా అడిగాడు.

"మావయ్యగారూ, చిమ్మచీకట్లో నా కాలు మీకెలా కనిపించింది?"

కింద కిటికీ తెరిచిన చప్పుడైంది.

"దిగిరా. కప్పయితే కొత్తది వేయించుకోవచ్చు. ఈ వయసులో ఇంకో అల్లుణ్ణి వెతకడం నా వల్ల కాదు."