ముసలయ్య షాపులో నల్ల కళ్లద్దాలు

దగ్గరకు జరగండమ్మా, ఇంకాస్త. సన్యాసమ్మ వేలిముద్ర వేస్తోంది. అంత దూరాన కూచుంటే కనపడదు.

“ఏటే ఈ కాయితం?” అంది సన్యాసమ్మ, బొటనవేలికి సిరా రాసుకుంటూ.

“బడిదమ్మా. పదిహేన్రోజులు పని నేర్పుతారంట.”

“ఏటి పని?”

“సిలాయీ. కుట్టుపని,” అంది కూతురు చిలకమ్మ, కన్నార్పకుండా.

కాగితం మీద హిందీలో ‘వెల్డింగ్’ అని ఉంది. సన్యాసమ్మకు హిందీ నోటికే వచ్చు, కంటికి రాదు. తెలుగైనా అంతే. అయినా చదువుకున్నదానిలా కాసేపు తేరిపార చూసి, ముద్ర వేసి, ఆరేదాకా ఊదింది. ఇంత అమాయకపు తల్లి దొరకడం తన అదృష్టమనుకుంది చిలకమ్మ.

ఇది డెబ్భై తొమ్మిదో సంవత్సరం మాట. టాటానగర్ బర్మామైన్స్‌లో చిలకమ్మ చదివే బడికి, పదో క్లాసు పిల్లలకు ఏదో ఒక పని చూపించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సీతారామరావు మాస్టారు గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. ప్రతి విద్యార్థీ తనకు నచ్చిన వృత్తిని స్వేచ్ఛగా ఎంచుకోవాలన్నారు. తర్వాత జాబితా చదివారు. మగపిల్లలకు లేత్, వెల్డింగ్, మోటారు రిపేరు, కరెంటు పని, అలా తొమ్మిది. ఆడపిల్లలకు కుట్టు, అప్పడాలు. స్వేచ్ఛంటే మరి అదే. రెండిట్లో ఏది ఎంచుకున్నా మాస్టారు అడ్డు చెప్పరు.

“నాకు వెల్డింగ్ కావాలి సార్,” అంది చిలకమ్మ.

క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది.

“అలాగే తల్లీ. మీ అమ్మ వేలిముద్ర, ఎవరైనా షాపువాడి ఒప్పుకోలు పట్టుకురా,” అన్నారు మాస్టారు, ఆ రెండూ ఈ భూమ్మీద దొరకవన్న ధీమాతో.

చిలకమ్మ పట్టుదల ఊరికే కాదు. ఆ పదిహేను రోజుల సర్టిఫికెట్టు ఉంటే పదయ్యాక ఐటీఐలో వెల్డింగుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంట్లో తెలిస్తే మాత్రం బడి ఆ పూటతో సరి. తండ్రి కూర్మారావు టాటానగర్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్. “మా ఇంట ఆడోల్లు పని సెయ్యరు” అని గొప్పగా చెప్పుకునేవాడు, సన్యాసమ్మ తోమిన కంచంలో, సన్యాసమ్మ మోసుకొచ్చిన నీళ్లతో చెయ్యి కడుగుతూ.

ముద్ర దొరికింది గానీ షాపు దొరకలేదు. చిలకమ్మ కుళాయి వీధిలో మూడు గ్రిల్లు షాపులు ఎక్కి దిగింది. ఒకడు “లడకీ?” అని నవ్వాడు. ఒకడు వాళ్ల నాన్న పేరు అడిగాడు. మూడోవాడు “ఎలాగూ వచ్చావు కదా, టీ పట్టుకురా” అన్నాడు.

“మొకం అలాగెట్టినావేటే?” అంది సన్యాసమ్మ ఇంట్లో, కూతురి ఓణీ అంచుకు అంటిన ఇనపరజను దులుపుతూ.

“సిలాయీ సెంటర్లో జాగా లేదంట.”

“అయ్యో.”

మర్నాడు పొద్దున్నే సన్యాసమ్మ కిరసనాయిలు డబ్బా పట్టుకుని వెళ్లి, మధ్యాహ్నానికి ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది. స్టాకు లేదట.

ఆ సాయంత్రం చిలకమ్మ నాలుగో షాపుకు, ముసలయ్య దగ్గరకు వెళ్లింది. అతని నోటికి ఆ వీధంతా దడుస్తుంది. అలాంటివాడు చిలకమ్మ నోరు తెరవకముందే, “రేపు ఏడుగంటలకొచ్చీ” అన్నాడు. తన మొహంలోనే ఏదో కళ ఉందనుకుంది చిలకమ్మ.

మొదటిరోజు ముసలయ్య మేకుకు తగిలించిన నల్ల కళ్లద్దాలు తీసిచ్చాడు. తెగిన పట్టీని ఎర్ర గుడ్డపేలికతో కుట్టి ఉంది.

“జాగర్త. ఈ అద్దాల ఎనకాల్నించి అతుకు పడతంటే కంపెనీ మిస్త్రీలు సైకిల్లు దిగి సూసీవోరు. అలాటి సెయ్యి నా షాపులో మల్లీ పడ్లేదు.”

బుర్రమీసాల మిస్త్రీ ఒకడు చిలకమ్మ కళ్ల ముందు మెదిలాడు. ‘నిన్ను దాటకపోతే చూడు’ అని ఆ మీసాలకు మనసులోనే సవాలు విసిరింది.

ఇంట్లో అసలైన కుట్టుపని అప్పుడు మొదలైంది, రోజుకో అబద్ధం చొప్పున.

నిప్పురవ్వలకు ఓణీకి చిల్లులు పడితే, “ఇస్త్రీపెట్టె తగిలిందమ్మా” అంది.

“పాడు పెట్టి,” అని సన్యాసమ్మ ఆ నైలాను ఓణీ దాచేసి ముతక నూలు ఓణీ తీసిచ్చింది, ఉక్కగా ఉందని. దాని మీద కూర్మారావు పాత పొడుగుచేతుల చొక్కా తొడిగింది, దోమలున్నాయని. ఉక్కకు పొడుగుచేతుల చొక్కా ఏమిటని చిలకమ్మ అడగలేదు. అమ్మ తెలివి అంతేలే అనుకుంది.

మూడోరోజు, అద్దాలు లేకుండా పక్కవాళ్ల వెల్డింగు వెలుగు చూసి కళ్లు వాచి, ఇసుక పోసినట్టు మండాయి.

“సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ...” అంది చిలకమ్మ.

“సన్న సూదులు మరి.” సన్యాసమ్మ బంగాళదుంప చక్రాలు కోసి కూతురి కళ్ల మీద పెట్టింది. “నీ పని కానప్పుడు మొకం అటు తిప్పీసుకో. ఆల్ల సూదికేసి ఊరికే సూడకు.”

కుళాయి దగ్గరేమో, “మా పిల్ల కుట్టు సూడాల” అని పక్కింటి నూకాలమ్మకు గొప్ప చెప్పేది. వింటూ చిలకమ్మ జాలిపడేది.

పదిహేనో రోజున ముసలయ్య సంతకంతో సర్టిఫికెట్టు వచ్చింది. సీతారామరావు మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, ఆ పిల్లను ప్రోత్సహించింది తానేనని హెడ్మాస్టరుకు చెప్పారు.

సాయంత్రం చిలకమ్మ కళ్లద్దాలు శుభ్రంగా తుడిచి పట్టుకెళ్లింది. “తాతా, మా అమ్మకి మత్ బోల్నా, సెప్పకు. సిలాయీ అనే సెప్పాను,” అని బతిమాలుతూ ఇవ్వబోయింది. ముసలయ్య అందుకోలేదు.

ఈ కథ మరిచిపోకండమ్మా. రేపు మీ పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని చెప్పండి. ముసలయ్య అన్న మాటను మాత్రం నాలాగే ఆఖరుదాకా కొంగున దాచండి.

“నాకెందుకే, అయి మీ అమ్మవి.”