ఏడు చుక్కల శోషరసం

"గేటు తెరవడం మాత్రం కుదరదు మేడమ్!" అన్నాడు ప్రిమితివో సార్. ఆవరణలో పాట అప్పటికే మొదలైపోయింది.

"ఆ గేటే కేశనాళిక గోడ సార్. తెరవకపోతే శోషరసం ఎలా కారుతుంది?" అంది లిగాయా టీచర్.

"కారకపోతే ఏమైంది?"

"పాఠం తప్పవుతుంది!"

సెబు దీవిలో ఏ పాఠమైనా డాన్సు చేస్తేనే తలకెక్కుతుందని లిగాయా నమ్మకం. ఆవరణంతా సుద్దతో పెద్ద మనిషి బొమ్మ గీసింది. గుండె దగ్గర నలుగురు బొద్దు మనుషులు నాలుగు గదులై, డోలు దెబ్బకు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఎగురుతున్నారు. నలభై మంది రక్తకణాలు ఎర్ర గుడ్డలు ఊపుతూ ఊపిరితిత్తులకీ పాదాలకీ పరుగు తీస్తున్నారు. మిగిలిన ఏడుగురూ రోజూ వేసుకునే పసుపు చొక్కాల్లోనే శోషరసం. పాదాల దగ్గరి గేటులోంచి బయటికి కారాలి. గోడ వెంబడే నడిచి, మెడ దగ్గరి చిన్న తలుపులోంచి వచ్చి మళ్ళీ రక్తంలో కలవాలి.

"వెంట ఎవరు వెళ్తారు?"

"ఎవరూ వెళ్ళరు. శోషరసానికి గుండెలాంటి పంపు లేదు సార్. కండరాలు కదిలితే అదే కదులుతుంది. కవాటాలుంటాయి కనక వెనక్కి పోదు."

"మనవాళ్ళకి కవాటాలున్నాయంటారా?"

లిగాయా పకపకా నవ్వింది. సార్ నవ్వలేదు.

"ఒక్కడు తగ్గినా మీ క్లాసు ఇవాళ్టితో బంద్. నా ఉద్యోగం కూడా!"

"సరే సార్!"

ఆదివారం చూడ్డానికొచ్చిన అమ్మలూ అక్కలూ ఈలలు వేస్తుండగా గేటు తెరుచుకుంది. ఏడుగురూ నడుములు తిప్పుకుంటూ బయటికి కారిపోయారు. అందరికంటే చివర ఇస్కో.

"ఒరేయ్ ఇస్కో! అరటిపళ్ళ బండి దగ్గర ఆగావో, చంపేస్తాను!" అని అరిచింది లిగాయా.

"శోషరసానికి ఆకలేంటి మేడమ్?" అని కన్నుకొట్టి మాయమయ్యాడు.

చిన్న తలుపు దగ్గర సార్ వేళ్ళు మడుస్తున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగూ ఐదూ జంటగా వచ్చి దూకారు. ఆరు.

తర్వాత ఎవరూ రాలేదు.

పాట ఆఖరి చరణంలో పడింది. రక్తకణాలు గుడ్డలు ఊపడం మానేసి తలుపు వైపే చూస్తున్నారు. సార్ మొహం పాలిపోయింది.

"మేడమ్, ఆగిపోనా?" అని రొప్పుతూ అడిగాడు ఎడమ జఠరిక.

"నువ్వాగితే మనిషి చస్తాడు! ఎగురు!" అంది లిగాయా. తన గుండె మాత్రం ఎప్పుడో లయ తప్పింది.

పాట ముగుస్తుండగా, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళికొడుకులా అడుగులో అడుగు వేస్తూ ఇస్కో లోపలికొచ్చాడు.

"ఎక్కడ చచ్చావురా?" అని గొంతు చించుకున్నాడు సార్.

"రక్తంలా ఉరకొద్దు, శోషరసం తాపీగా రావాలని మేడమే చెప్పారు కద్సార్!"

ఆవరణ ఒక్కసారి గొల్లుమంది. డోలు వాయించేవాడు డోలు వదిలేసి చిందులేశాడు. లిగాయా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ప్రిమితివో సార్ పరిగెత్తుకెళ్ళి ఇస్కోని అమాంతం కౌగిలించుకున్నాడు.

ఒక జైలరు ఖైదీని కౌగిలించుకోవడం ఆ దీవిలో అదే మొదటిసారి.