మందు పెట్టిన చెయ్యి

మందు కక్కించే నాటువైద్యుడు యలమందయ్య పళ్లెం ముందుకు జరిపాడు. కోటేష్ కక్కిన పసరులో చిన్న వెంట్రుకల ఉండ కనిపించింది.

"పెట్టుడు మందు. ఆడమనిషి చేతిది. బయటి చెయ్యి కాదు," అన్నాడు.

వాకిట్లో ఉన్న పాతికమందీ కోటేష్ భార్య జ్యోతిర్మయి వైపు తిరిగారు. అన్నంలో మందు కలిపి మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకుందని ఊరు ఏడాదిగా గుసగుసలాడుతూనే ఉంది. ఇప్పుడు సాక్ష్యం పళ్లెంలో తేలింది. మూడు రోజులుగా ఆగకుండా వాంతులు చేసుకుంటున్నవాడికి పసరు పోసి మరీ కక్కించడమేమిటని ఎవరూ అడగలేదు. ఉండ యలమందయ్య వేళ్ల సందులోంచి జారిందేమోనన్న అనుమానమూ ఎవరికీ రాలేదు.

ఏడాదిగా ఇదే వరస. నెలకో రెణ్నెల్లకో ఒకసారి కోటేష్‌కి వాంతులు పట్టుకుంటాయి. మంచినీళ్లు కూడా ఇమడవు. కాగులో నీళ్లు కాచి వీపున గుమ్మరిస్తే కాసేపు తెరిపి. చర్మం కమిలిపోయినా ఇంకా పొయ్యమనేవాడు. మిరప తోటలో పురుగుమందు కొట్టడం వల్ల అనుకున్నారు మొదట. ఆ పని కూలీలకు అప్పజెప్పాక కూడా వాంతులు ఆగలేదు. స్కానింగులు, ఎండోస్కోపీ అన్నీ అయ్యాయి. ఏమీ లేదన్నారు.

అత్త గురవమ్మకి మాత్రం మొదటినుంచీ సందేహం లేదు. ఆమె దగ్గర గట్టి రుజువుంది. తన కొడుకు ఒకప్పుడు పులి. సాయంత్రం తాగొచ్చి పెళ్లాన్ని నాలుగు తన్నందే అన్నం ముట్టేవాడు కాదు. అలాంటివాడు రెండేళ్లుగా చెయ్యెత్తడం లేదు. పిలిస్తే పలుకుతాడు, పెట్టింది తింటాడు, అరుగు మీద కూర్చుని తనలో తానే నవ్వుకుంటాడు. మగాడు పెళ్లాన్ని కొట్టడం మానేశాడంటే మందు పెట్టినట్టు కాక మరేమిటని ఆమె అడిగితే, ఊరంతా నిజమేనని తలూపింది.

"రేపు పొదిలి బస్సెక్కి మీ అమ్మ దగ్గరికి పో. పిల్ల ఇక్కడే ఉంటది. దాని అన్నంలో ఏం కలుపుతావో ఎవరు చూడొచ్చారు," అంది గురవమ్మ.

నాలుగేళ్ల కూతుర్ని అప్పటికే ఆడబిడ్డ లోపలికి లాక్కెళ్లి తలుపేసింది. లోపల పిల్ల అమ్మా అని ఏడుస్తోంది. దాన్ని వదిలి వెళ్లడం కన్నా చావు నయమనుకుంది జ్యోతిర్మయి.

మర్నాడు బస్సు వేళకి కోటేష్ స్పృహ తప్పాడు. బస్సు సంగతి వదిలేసి, అతన్ని ఆటోలో వేసుకుని గుంటూరు బ్రాడీపేటకి పరుగెత్తారు.

డాక్టర్ షాహిస్తా సెలైన్ పెట్టించింది. అతను తెప్పరిల్లాక కమిలిన వీపు చూసి, వేడినీళ్లకి తగ్గుతోందా అని అడిగింది. అవునన్నాడు.

"గంజాయి ఎన్నేళ్లనుంచి?"

"నాకా అలవాటు లేదండి. నా కూతురు మీద ఒట్టు."

"ఈ జబ్బుతో వచ్చినవాళ్లు ముందు ఇదే ఒట్టు వేస్తారు," అని ఆమె మూత్ర పరీక్షకి రాసింది.

గురవమ్మ ఆసుపత్రి దద్దరిల్లేలా తగులుకుంది. బైరాగులు జీవితమంతా గంజాయి మీదే బతుకుతారనీ, వాళ్లలో ఒక్కడు కక్కగా ఎవరు చూశారనీ, రోగం అంతుపట్టక డాక్టర్లు కొత్త పేర్లు పుట్టిస్తున్నారనీ దులిపేసింది. అది మామూలుగా వాంతులు ఆపే సరుకేనని డాక్టరూ ఒప్పుకుంది. కానీ ఏళ్ల తరబడి రోజూ ఒంట్లోకి పోతే కొందరికి ఎదురు తిరిగి ఇలా వాంతులు పట్టుకుంటాయనీ, వేడినీళ్లకి తగ్గడమే దాని గుర్తనీ చెప్పి, పొట్ట మీద రాయడానికి మిరప ఘాటుతో చేసిన ఆయింట్‌మెంటు ఇచ్చింది. పుట్టినప్పటినుంచీ మిరప పండించినవాడికి చివరికి మిరపే కడుపు చల్లబరచింది.

గంజాయితో వాంతులొస్తాయని జ్యోతిర్మయి ఎన్నడూ వినలేదు.

పరీక్షలో గంజాయి తేలింది. దండిగా తేలింది.

గురవమ్మ కొడుకు చెంప పగలగొట్టింది. కోటేష్ ఏడ్చాడు. ఒట్టు మీద ఒట్టు వేశాడు. వేసినకొద్దీ నమ్మేవాళ్లు తగ్గిపోయారు.

"మానేస్తే పూర్తిగా తగ్గిపోద్దా అండి?" అని అడిగింది జ్యోతిర్మయి.

"పూర్తిగా తగ్గుతుంది. మళ్లీ మొదలైతే మళ్లీ వస్తుంది. అప్పుడు ప్రాణానికి నేను హామీ ఇవ్వలేను."

మంగళగిరి దగ్గర అలవాట్లు మాన్పించే చోట అతన్ని నెల రోజులకి చేర్చారు. గేటు వేస్తుంటే కూడా తను ఏ పాపమూ ఎరగనని అరుస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక ఆడబిడ్డ పిల్లని తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. యలమందయ్య ఆ వీధి మొహం చూడటం మానేశాడు. గురవమ్మ తప్పయిందని అనలేదు. కోడలి మొహం చూడకుండానే, ఆ మత్తు కాస్తా దిగితే తన కొడుకు మళ్లీ మునుపటి మగాడవుతాడని మాత్రం గర్వంగా అంది.

జ్యోతిర్మయి వంటింట్లోకి వెళ్లి తలుపు గడియ పెట్టి, మొగుడి చెయ్యి తన మీదికి లేవకుండా రెండేళ్లుగా రోజూ అతని కంచంలో మాత్రమే కలుపుతూ వచ్చిన గంజాయాకు పొడి డబ్బా తీసి, పారబోయడానికీ దాచడానికీ చేతులు రాక అలాగే నిలబడిపోయింది.