రెండు పాలీల మంచం

మొదటి దెబ్బ నిద్రలోనే పడింది.

రాజమల్లు లేవబోయాడు. ఒకడు ఛాతీ మీద మోకాలు పెట్టి అదిమాడు. ఇంకొకడు ముఖం మీది దుప్పటి తొలగకుండా రెండు కొసలూ బిగించి పట్టుకున్నాడు. మూడోవాడు అతని కుడిచేయి బయటికి లాగి, మంచం పట్టె మీద ఆనించి, ఇనుప రాడ్డుతో కొట్టాడు. ఎముక విరగడం రాజమల్లుకు వినిపించింది.

"సాహెబులతో గోల్ఫ్ ఆడతావురా అంబదాస్? ఇప్పుడు ఆడు!" అన్నాడు ఆ మూడోవాడు హిందీలో.

నేను అంబదాసును కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. రాజమల్లు అనలేదు. మణికట్టు మీద మూడు దెబ్బలు, వేళ్ల మీద రెండు పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. ఆ తర్వాత స్పృహ తప్పింది.

మరమగ్గాల పేట ఉన్‌లోని ఆ గదిలో ఉన్నది ఒకటే మంచం. రాజమల్లుది పగటి పాలీ, అంబదాసుది రాత్రి పాలీ. ఒకడు మరమగ్గం దగ్గర నిలబడితే రెండోవాడు పడుకుంటాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆరేళ్లలో ఆ పరుపు చల్లారింది లేదు. పగలు పదింటికి ఆ మంచం మీద ఉండేది అంబదాసేనని గల్లీలో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం పాలీలు మారాయి. ఆదివారం పోటీ ఉంది, అంతలోపు కంటినిండా నిద్రపోవాలని అంబదాస్ అడిగితే, రాజమల్లు రాత్రంతా మగ్గం నడిపి వచ్చి పగలు పడుకున్నాడు.

కబురు తెలిసి అంబదాస్ ఆస్పత్రికి పరుగెత్తాడు. కట్టు చూసి మంచం పక్కన కూలబడ్డాడు.

"నువ్వు నేను కాదని ఎందుకు చెప్పకపోతివి మల్లన్నా?"

"చెప్తే? సీదా మగ్గం కాడికొచ్చి నీ చెయ్యి ఇరగ్గొడ్తుండిరి."

"ఈ వేళ్లతోని ఇగ దారం ముడి ఎట్ల వేస్తవే?"

"నా సంగతి తర్వాత. ముందుగాల నువ్వు గెలువు తమ్మీ. ఆ జయంతి ముఖం మాడాలె."

హజీరా దారిలోని కంపెనీ కాలనీలో గోల్ఫ్ సంచులు మోసేవాళ్లకు జయంతిభాయి ముకద్దం, పని పంచే మేస్త్రీ. అంబదాస్ కరెంటు లేక మగ్గాలు ఆగే సెలవు రోజుల్లో అక్కడికి సంచులు మోయడానికి వెళ్లి, చూసి చూసి ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడు కంపెనీవాళ్లు ఆట నేర్పే మనిషిని పర్మనెంటుగా పెట్టుకుంటామన్నారు. సంచులు మోసేవాళ్లలో పోటీ పెట్టి, గెలిచినవాడికి ఆ ఉద్యోగం, ఉండటానికి క్వార్టరు ఇస్తామన్నారు. జయంతి దాన్ని తన బావమరిదికి అనుకున్నాడు. గెలిచే సత్తా మాత్రం అంబదాసుకే ఉంది. ఓడిపోతే చచ్చేదాకా మగ్గమే గతి.

అంబదాస్ ఆస్పత్రి నుంచి నేరుగా జయంతి కూర్చునే టీకొట్టుకు వెళ్లాడు. చొక్కా పట్టి లాగి, కిందపడేసి తన్నాడు. జయంతి ముక్కు నుంచి నెత్తురు కారింది.

"అరె, నేను నీకు మొన్ననే..." అంటూ జయంతి ఏదో చెప్పబోయాడు.

అంబదాస్ ఆ నోటి మీదే గుద్దాడు. రెండు పళ్లు రాలాయి. నలుగురు కలిసి లాగితే గాని వదల్లేదు. స్నేహమంటే ఇట్లా ఉండాలని చూసినవాళ్లందరూ చెప్పుకున్నారు.

ఆదివారం పొద్దున కంపెనీ ఇంజనీరు శ్యాంసుందర్ మైదానం దగ్గర ఎదురుచూస్తున్నాడు. అంబదాసుకు కర్ర పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయనకు పాత గోల్ఫ్ ఆటగాళ్ల కథలంటే పిచ్చి.

"డేవీ మర్డాక్ అని స్కాట్లాండ్‌లో ఒకడుండేవాడు. మీలాగే నేతవాళ్ల అబ్బాయి. చిన్నప్పుడు దొరల సంచులు మోశాడు. పెద్దయ్యాక వాళ్లకు కర్రలు చెక్కి ఇచ్చాడు. డబ్బు తీసుకుని ఆడేవాడని క్లబ్బులోకి ముందు తలుపు నుంచి రానిచ్చేవాళ్లు కాదు. పంతొమ్మిది వందల తొమ్మిదిలో ఒక పెద్ద పోటీలో అందరినీ ఓడించాడు."

"తర్వాత సార్?"

"తర్వాత ఒక్క పోటీ కూడా ఆడలేదు. గెలిచిన మర్నాడే కర్రలు చెక్కే కొట్లో కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు అక్కడే ఉండిపోయాడు."

"ఎందుకు?"

"ఎవరికీ చెప్పలేదు. జనం పొగరన్నారు."

అంబదాస్ సంచిలోంచి కర్ర బయటికి లాగాడు. "పొగరు కాదు సార్" అన్నాడు. శ్యాంసుందర్ నవ్వి, భుజం తట్టి ముందుకు తోశాడు.

ఆ రోజు అంబదాస్ ఆట చూసినవాళ్లకు భయం వేసింది. బంతిని కొట్టినట్టు లేదు, మనిషి తల పగలగొట్టినట్టు ఉంది. కర్ర నేలకు తగిలినప్పుడల్లా గడ్డి పెళ్లలు లేచాయి. అరచేతులు చిట్లి నెత్తురొచ్చినా ఆగలేదు. జయంతి బావమరిది సగం ఆట కాకముందే చేతులెత్తేశాడు. శ్యాంసుందర్ అంబదాసును కౌగిలించుకున్నాడు. ఉద్యోగం కాగితం మీద అక్కడికక్కడే సంతకం అయింది.

సాయంత్రం అంబదాస్ గదికి వచ్చేసరికి రాజమల్లు ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. సగం మెతుకులు ఒళ్లోనే పడుతున్నాయి. అంబదాసును చూడగానే కంచం పక్కన పెట్టేశాడు.

"గెలిచినవా?"

అంబదాస్ తల ఊపాడు. కాగితం తీసి మంచం మీద పెట్టాడు. రాజమల్లుకు చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. అంబదాస్ అతని కాళ్లు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అరె, ఏందిరా ఇది? జర లే. కొట్టినోళ్లు కొట్టిరి, నువ్వేం జేస్తవ్? ఆ దినం నీతోని పాలీ మార్చుమని దేవుడే అడిగిపిచ్చిండు."

వాళ్లు ఏ పూట వస్తారో జయంతి బెదిరింపు వల్ల అంబదాసుకు రెండు రోజుల ముందే తెలుసు.