కోతకు ముందురోజు

గేటు అవతల నిలబడి ముసలాయన ఒకే మాట అన్నాడు.

"అమ్మా, ఆ మూలనున్న గొర్రెకు పురుగు పట్టింది."

వార్డెనమ్మకు ఒళ్లు మండింది. పొద్దుట్నుంచి నాలుగు గొర్రెలకు పురుగులు ఏరి, మందు పోసి, ఇప్పుడే బకెట్ బోర్లించి దాని మీద కూలబడింది. మూడువందల గొర్రెల్నీ హాస్టలు పిల్లల్లా లెక్కపెట్టుకుంటుందని చుట్టుపక్కల వాళ్లు ఆమెకు పెట్టిన పేరది. మొగుడు నడుం పట్టేసి నెల రోజులుగా మంచం దిగలేదు. వార్డెనూ ఆవిడే, ఆయా ఆవిడే.

"అంత దూరం నుంచి మీకెలా తెలిసిందండీ?"

"వెనక కాలు నేలకేసి కొడుతోంది. మాటిమాటికీ తోక వైపు తిరిగి చూసుకుంటోంది. మేత ముట్టడం లేదు."

వెళ్లి పట్టుకుని చూసింది. తోక కింద తడిసిన బొచ్చు విడదీస్తే తెల్లగా లుకలుకలాడుతున్నాయి.

ఆమె వచ్చి గేటు తీసింది.

ముసలాయన కత్తెర అందుకున్నాడు. గొర్రెను కూర్చోబెట్టి, బొచ్చు కత్తిరించి, పురుగులు దులిపి, మందు రాసి లేపడానికి, ఆమె చేతులు కడుక్కునేంత సమయం కూడా పట్టలేదు.

"గొర్రెపిల్లల్ని వేరే దొడ్లో పెట్టారేంటమ్మా?"

"రేపు కోతమనిషి వస్తున్నాడు."

ముసలాయన మొహం వాడిపోయింది.

ఉన్ని గొర్రెలకు తోక కింద చర్మం మడతలు పడుతుంది. ఆ మడతల్లో తడి ఆరదు. ఈగలు అక్కడే గుడ్లు పెడతాయి, పురుగు గొర్రెను బతికుండగానే తినేస్తుంది. అందుకే పిల్లలుగా ఉన్నప్పుడే ఆ చర్మాన్ని కోసేస్తారు. గాయం మానితే అక్కడిక బొచ్చు మొలవదు.

"కోయించకండమ్మా. వెనక బొచ్చు పెరగనీకుండా కత్తిరిస్తూ, రోజూ మంద మొత్తం తిరిగి చూసుకుంటే చాలు. ఇకమీద మడతల్లేని పొట్టేళ్లనే ఉంచండి. నాలుగైదేళ్లకు పుట్టే పిల్లలు నున్నగా పుడతాయి."

"రోజూ ఎవరు చూస్తారు? నాకున్నవి రెండే చేతులు."

"నేను చూస్తాను. ఏడాది ఉంటాను. జీతం వద్దు, ఇంత తిండి పెట్టండి."

కిటికీలోంచి మొగుడు కేకేశాడు.

"జీతం వద్దంటున్నాడా? అయితే ముందు గొర్రెల్ని లెక్కపెట్టుకోవే!"

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. ఆ రోజు నవ్వడానికి కూడా ఓపిక లేదు. ఏడాది సాయం ఉంటానని ఒక మనిషి గుమ్మంలోకొచ్చి అడుగుతున్నా, అది సాయమని గుర్తుపట్టలేనంతగా అలిసిపోయి ఉంది.

"పోయినేడు జాలిపడి పదకొండు పిల్లల్ని కోయించలేదు. పదకొండూ పురుగు పట్టి నా ఒళ్లోనే పోయాయి. చెప్పడానికేమండీ, ఎవరైనా చెప్తారు. ఆ కత్తి ఒక్కసారైనా పట్టి చూశారా మీరు?"

ముసలాయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. వేళ్లు లోపలికి వంకరపోయి ఉన్నాయి. వాటిలోంచి కత్తెరను మెల్లగా విడిపించి గోడ మీద పెట్టాడు.

"రేపు ఎండ కాస్తే ఈగ లేస్తుంది. పొద్దున్నే ఒకసారి మంద చూసుకోండమ్మా."

గేటు చేరవేసి వెళ్లిపోయాడు.

మర్నాడు కోతమనిషి వచ్చాడు. మధ్యాహ్నానికల్లా అరవై రెండు పిల్లలు అయిపోయాయి. ప్రతి పిల్ల కాళ్లూ ఆమే పట్టుకుంది. ఆ అరుపులకు మంచం మీద మొగుడు చెవులు మూసుకున్నాడు. ఆమెకు ఆ వీలు కూడా లేకపోయింది.

నిన్నటిదాకా బకెట్ చప్పుడైతే చాలు ఆమె మీదికి ఎగబడే పిల్లలు, ఇవాళ కాళ్లు ఎడం చేసుకుని నడుస్తూ ఆమెను చూసి దూరం జరిగాయి.

"నిన్న ఒక పెద్దాయన వచ్చి కోయించొద్దన్నాడు తమ్ముడూ," అంది, ఏదో ఒకటి మాట్లాడాలని.

కోతమనిషి కత్తి కడుగుతున్నవాడల్లా ఆగాడు.

"కుడిచేతి వేళ్లు వంకరగా ఉన్నాయా?"

"అవును. ఏడాది ఉంటానన్నాడు. పంపించేశాను."

"ఎంత పని చేశావక్కా! గుట్ట అవతల వాళ్ల దగ్గర ఏడాదున్నాడు. నాలుగేళ్లయింది, వాళ్లు మళ్లీ నన్ను పిలవలేదు. పురుగు పట్టి ఒక్కటీ పోలేదట. నా పొట్ట కొడుతున్నాడు గానీ, ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు."

వార్డెనమ్మ గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఖాళీగా ఉంది.

వెనక్కి వచ్చేసరికి కోతమనిషి కత్తి పిడి ఆమె ముందు పెట్టాడు. చెక్క మీద నాలుగు వేళ్ల పల్లాలు, వంకరగా, లోతుగా అరిగిపోయి ఉన్నాయి.

"ఇవి నా వేళ్లవి కావక్కా," అన్నాడు. "మీ మామగారి రోజుల్లో ఈ దొడ్లో మొదటి పిల్లను కోసిందీ, నాకు కోత నేర్పిందీ, ఇక పట్టనని ఈ కత్తి నా చేతిలో పెట్టి, తాను కోసిన దొడ్లన్నిటికీ ఒక్కొక్కటిగా తిరిగి వెళ్తున్నదీ ఆయనే."