బెడ్ ఖాళీ

ఐసీయూలో బెడ్ ఖాళీ లేదన్నారు. కింది అంతస్తులో స్ట్రెచర్ మీదే తమ్ముడు ఎగశ్వాస తీస్తున్నాడు.

ఐసీయూ ముందు బెంచీ మీద వణుకుతున్న నాకు పక్కనున్నావిడ తన దుప్పటి కప్పింది. "మీ బావగారు లోపల ఏసీలో దర్జాగా పడుకున్నారు. కాపలా ఉద్యోగం నాది," అని నవ్వింది.

"అక్కా, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నేనడిగితే వినడు. ఒక్క బెడ్ ఖాళీ చెయ్యమని మీరడగరూ?"

"నమ్మకం లేదట, సిఫారసు మాత్రం కావాలట!" అంటూనే ఆవిడ కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

గంట తిరక్కుండానే నర్సు తలుపు తీసి, "బెడ్ ఖాళీ అయిందమ్మా, మీ పేషెంటుని తెచ్చుకోండి," అంది నాతో.

"దేవుడున్నాడక్కా!" అని అరిచాను, జీవితంలో మొదటిసారి.

నర్సు ఆవిడ వైపు తిరిగి, గొంతు తగ్గించింది. "అమ్మా, మీరొకసారి లోపలికి రండి."

లేవబోయి మళ్లీ కూలబడింది అక్క. "ఖాళీ చెయ్యమన్నానే గానీ, ఎవరిదని చెప్పలేదు చెల్లీ," అంది. తర్వాత నన్ను నెమ్మదిగా తోసింది. "ఇంకా నిలబడ్డావేం? వెళ్లు, తమ్ముణ్ని తెచ్చుకో."

పరుగెత్తాను. ఆవిడ దుప్పటి నా భుజాల మీదే ఉంది.