మూడో లెక్క

మా ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు లేరు. అందుకని కంప్యూటర్ గదిలో ఆన్‌లైన్ కోర్సు పెట్టించి, మాకు కాపలాగా డ్రిల్లు మాస్టారిని కూర్చోబెట్టారు. ఆయన మెడలో విజిల్ వేలాడేసుకుని, వెనక కంప్యూటర్‌కి కళ్ళప్పగించి కూర్చునేవారు. పేకాట ఆడుకుంటున్నారని క్లాసంతా చాటింపు వేసింది నేనే.

కోర్సు చర్చల పేజీలో 'విద్యార్థి 41' అనే ఎవరో ప్రతి లెక్కా విడమరిచి చేసి పెట్టేవాడు. నేను అక్షరం పొల్లుపోకుండా దించేవాణ్ణి. దించడంలో నా నిజాయితీ అంత గొప్పది. తొంభై అయిదు మార్కులు రాగానే, "లెక్కలు రక్తంలో ఉండాలే" అని మా చెల్లికి క్లాసు కూడా పీకాను.

ఇవాళ జవాబులు పంపబోతుంటే డ్రిల్లు మాస్టారు నా కుర్చీ వెనక ఆగారు.

"మూడో లెక్క ఒకసారి చూసుకోరా."

"రెండుసార్లు చూశాను సార్. కరెక్టే."

ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించారు.

"చర్చల పేజీలో అది నిన్న నేనే తప్పు పెట్టానురా. మైనస్ గుర్తు మర్చిపోయాను. మీతోపాటే కదా నేనూ నేర్చుకుంటున్నది."